అవ్వ మిట్ట

ఆళ్లగడ్డ,
నవంబరు 1978

కృపావతీ,

ఇక్కడ మేమంతా క్షేమం అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. నిద్ర కరువైన ఇంట్లో క్షేమం ఎక్కడుంటుంది చెప్పు.

హాస్టల్లో ప్రార్థన గంట కొట్టినా నేను లేచేదాన్ని కాదని, నువ్వు నా జడ పట్టుకుని లాగేదానివని గుర్తుందా? ఆ ఉమామహేశ్వరమ్మే ఇప్పుడు తెల్లవార్లూ కళ్లు తెరుచుకుని దూలాలు చూస్తూ పడుకుంటోంది. దీనికంతటికీ కారణం లారీలు.

మా ఇల్లు కడప రోడ్డు పక్కనే కదా. ఇంటికీ రోడ్డుకూ నడుమ మాది ఖాళీ జాగా ఉంది. ఎదురుగా మద్దిలేటి అన్నం హోటలు పెట్టినప్పటి నుంచి లారీల వాళ్లు మా జాగాలో బండ్లు నిలిపి, అక్కడ తిని, ఇక్కడ పడుకుంటున్నారు. పడుకుంటే పడుకోనీ, మా సొమ్మేం పోయింది. కానీ బండి ఆపిన వాళ్లు ఇంజను ఆపరు. రాత్రంతా అది డగడగమంటూ ఉంటే మా ఇంట్లో అలమార మీది గిన్నెలు కూడా దానితో కలిసి పాడతాయి.

ఇది చాలదన్నట్టు వాళ్లలో వాళ్లకే కొట్లాట. మా జాగాలో మోరీ పక్కన కాస్త వాలుగా ఉండే చోటు ఒకటుంది. రెండు బండ్లు పడతాయి. అక్కడ ఏ నిధి పాతిపెట్టారో నాకు తెలియదు, రోజూ దాని కోసమే తన్నులాట. మొన్న ఒక డ్రైవరు ఇంకొక డ్రైవరు చెప్పులు తీసి హోటలు రేకుల మీద పారేశాడు. రెండోవాడు ఇతని లుంగీ తీసి ఆ చెప్పుల పక్కకే పంపించాడు.

అందరిలోకీ ఘోరం ఒక పచ్చ బండి. వారంలో రెండుసార్లు వస్తుంది. అది వచ్చిన రాత్రి మాకు శివరాత్రే. మా అత్త రంగనాయకమ్మ సంగతి నీకు కొత్త కాదు. కంటి నిండా నిద్రపోయిన రోజునే ఆమె నోటికి ఊరంతా భయపడుతుంది. ఇప్పుడు నిద్ర లేదు. తెల్లారగానే ఆ లారీల మీది కోపమంతా నా కాఫీ మీద తీర్చుకుంటోంది.

మొగుడి పేరు చెప్పకూడదంటారు గానీ రాయకూడదని ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. నరసింహులు గారు బేతంచెర్లలో నాపరాళ్లకు చెప్పి వచ్చాడు. ఉగాది దాటగానే జాగా చుట్టూ రాళ్లు పాతించి కంచె వేయిస్తాడట. అంతవరకు మేము బతకాలి గదా. నీ చేతిరాత ముచ్చటగా ఉంటుంది, తహసీల్దారు గారికి ఒక అర్జీ రాసిపెట్టు. పచ్చ బండి సంగతి మాత్రం గట్టిగా రాయి. ఆ డ్రైవరుకు పెళ్లాం లేదో, ఉన్నా ఆమెకు ఇతని సంగతి పట్టదో.

మీ ఆయనకు ట్రాన్స్‌పోర్టు కంపెనీలో పని అని రాశావు. ఆయన్నైనా ఒక మాట అడిగి రాయి.

నీ
ఉమ


నంద్యాల,
డిసెంబరు 1978

ఉమా,

నీ జాబు బడిలో, పిల్లలు ఎక్కాలు అప్పజెప్తుండగా చదివాను. చెప్పుల పక్కన లుంగీ దగ్గర నవ్వు ఆగలేదు. ఏడో ఎక్కం తప్పు చెప్పినవాడు బాగా చెప్పాననుకుని కూచున్నాడు.

అర్జీ రాయడానికి ఇప్పుడు తీరిక లేదు. క్రిస్మసు పాటలు నేర్పించే పని నా మీదే పడింది. పండక్కి గులాబీ పువ్వుల పిండివంట చేయాలి, ఇంటికి సున్నం వేయాలి. నువ్వూ తొందరపడి వేరే ఎవరి చేతా రాయించకు.

మా సందులో ఒక డ్రైవరు కుటుంబం ఉంది. వాళ్లను అడిగితే తెలిసింది రాస్తాను. ఇంజను ఆపకపోవడం పొగరు కాదట. చాలా బండ్లలో బ్యాటరీలు చచ్చి ఉంటాయి. ఒకసారి ఆపితే సెల్ఫు ఎత్తదు, ఇంజను మళ్లీ లేవదు. యజమానిని కొత్త బ్యాటరీ అడిగితే వచ్చే నెల అంటాడు, ఆ వచ్చే నెల ఎప్పటికీ రాదు. అందుకని బండిని వాలులో నిలుపుతారు. తెల్లారి బ్రేకు వదిలి, బండి దొర్లుతుండగా గేరు వేస్తే ఇంజను అందుకుంటుంది. వాలు దొరికినవాడు ఇంజను ఆపి పడుకుంటాడు. దొరకనివాడు ఆపలేడు. మీ మోరీ పక్కన పాతిపెట్టిన నిధి అదే.

ఇంకొకటి. ఆ పచ్చ బండి డ్రైవరుకు పెళ్లాం ఉండే ఉంటుంది. పట్టకుండా ఏమీ ఉండదులే.

గులాబీ పువ్వులు డబ్బాలో పెట్టి మీ ఊరి బస్సు కండక్టరు చేతికి ఇస్తాను. మీ అత్తగారికి మెత్తనివి వేరే పెడతాను. కంచె సంగతి కొంచెం నిదానంగా చూడమని మీ ఆయనకు చెప్పు.

కృప


ఆళ్లగడ్డ,
జనవరి 1979

చిలకమ్మ టీచరు గారికి,

ఈ పేరుతో ఎందుకు పిలిచానో కడదాకా చదివితే తెలుస్తుంది. మధ్యలో మడిచి దాచుకోవద్దు.

నీ గులాబీ పువ్వులు అందాయి. మెత్తనివి నేను తిన్నాను, గట్టివే మా అత్త తింది. పళ్లు లేవని ఎవరన్నారని నన్నే అడిగింది.

పోయిన వారం పొద్దున్నే మా అత్త చేతికర్ర పట్టుకుని లేచింది. ఈరోజు ఆ పచ్చ బండివాడి అంతు తేలుస్తానంది. ఒంటరిగా పంపిస్తే ఎవరి అంతు తేలుతుందోనని నేనూ వెనకాలే పోయాను. అతను బండి పక్కన ముఖం కడుక్కుంటున్నాడు. సన్నగా, పొడుగ్గా, కళ్లు ఎర్రగా ఉన్నాడు. మా అత్త కర్రతో టైరు మీద కొట్టింది.

"ఏమప్పా, నీ బండికి నిద్ర రాదా? రేత్రంతా మా ఇంటి మింద అరుస్తాంది."

"ఆపితే మళ్లా లెయ్యదవ్వా. పల్లం దొరికితే ఆపుదును. నేను వొచ్చేతాలికి ఆడ ఇద్దరు పండుకోనుండారు."

"మరి నువ్వు యాడ పండుకుంటావ్?"

"యాడ పండుకుంటా. దీన్ని కనిపెట్టుకోని ఉంటా."

నువ్వు రాసిన బ్యాటరీ కథే. నేను వింటూ అద్దం వైపు చూశాను. బండి పక్క అద్దానికి అన్నం మూట కట్టుకునే గుడ్డ ఆరవేసి ఉంది. దాని మూలన ఆకుపచ్చ దారంతో కుట్టిన ఒక జంతువు. వంకాయకు రెక్కలొచ్చినట్టుంది. ముక్కు వీపు వైపు తిరిగి ఉంది.

కృపా, ఆ చిలకను నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. కుట్టుపని నేర్పే జీవరత్నం టీచరు ఇట్లాంటి నీ చిలకనే పట్టుకుని క్లాసంతా తిప్పి, ఇది పక్షా కూరగాయా అని అడిగింది. నువ్వు మూడు రోజులు నాతో మాట్లాడలేదు, నేను కూరగాయ అన్నానని. ఈ భూమ్మీద ముక్కు వెనక్కి ఉండే చిలకను కుట్టే ఆడది ఒక్కతే.

అతన్ని ఏ ఊరప్పా అంటే నంద్యాల అన్నాడు. పేరు జాన్ అన్నాడు. నేనింకేమీ అడగలేదు. మా అత్తకూ చెప్పలేదు, మా ఆయనకూ చెప్పలేదు. మీ సందులో ఉన్న డ్రైవరు కుటుంబం ఏ ఇంట్లో ఉంటుందో నువ్వే రాయి. నీ మొగుడి మీద నీ చేతే అర్జీ రాయించబోయాను, చూడు. నవ్వాలో నిన్ను కొట్టాలో తెలియడం లేదు. నవ్వాను గానీ కొంచెం నొచ్చుకున్నాను కూడా.

ఉమ


నంద్యాల,
జనవరి 1979

ఉమా,

ఆ కుటుంబం మా ఇంట్లోనే ఉంటుంది.

మా నాయన బడిపంతులు సంబంధం తెస్తే, నేను జాన్‌నే చేసుకుంటానని పట్టుబట్టి చేసుకున్నాను. ఆ పెళ్లికి నువ్వు రాలేకపోయావు. చర్చిలో ఆయన పాడుతుంటే విని ఇష్టపడ్డాను, దాచడం ఎందుకు. కానీ నీ పెళ్లికి వచ్చి మీ ఇంటి గాదెలు, ఎద్దులు చూసినదాన్ని. లారీ డ్రైవరు అని నీకు రాయబోయి ట్రాన్స్‌పోర్టు కంపెనీ అని రాశాను. నీ మీద నమ్మకం లేక కాదు. ఎందుకు రాశానో నాకే సరిగ్గా తెలియదు. నొచ్చుకున్నావని రాశావు, నాకూ నొచ్చింది.

ఇంటికి గంటన్నర దూరంలో ఎవరింటి ముందో పడుకునే మొగుడేమిటని అడుగుతావు. సాయంత్రం బియ్యం లోడెక్కగానే బండిని మిల్లులో నుంచి తీసేయమంటారు. మా సందులో అది పట్టదు. అందుకని మీ ఊరిదాకా వచ్చి, మద్దిలేటి దగ్గర తిని, తెల్లారి మద్రాసు దోవ పడతాడు.

ఇంజను తిరుగుతుంటే ఆయన నిద్రపోడు ఉమా. అది ఎక్కడ ఆగిపోతుందోనని చెవులు దాని మీదే ఉంటాయి. ఆగితే లోడు బండి, పదిమంది తోసినా కదలదు. కళ్లు మాత్రం మూసుకుంటాడు. ఆ కళ్లతోనే తెల్లారి మళ్లీ నడుపుతాడు. పోయినేడు చలికాలంలో చాగలమర్రి దాటాక కునుకుపట్టి, బండి జొన్నచేలోకి దిగింది. దెబ్బ తగల్లేదు. ఇంటికొచ్చి చొక్కాలో నుంచి జొన్న ఆకు తీసి చూపించి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఆ రోజు నుంచి ఆయన దోవ మీద ఉన్నాడంటే నాకు భయం.

మీ గోడకు లోపల మీరు, బయట ఆయన, ఒకే ఇంజనుకు మేలుకుని ఉన్నారు. మీ జాగాకు కంచె పడితే ఆయన ఎక్కడా ఆగకుండా రాత్రంతా నడుపుకుంటూ పోవాలి. ముందు ఊళ్లలో లోడు బండ్లను నిలపనీయరు.

అర్జీ రాయమన్నావు గదా, ఇదే నా అర్జీ. తహసీల్దారుకు కాదు, నీకు. కంచె వేయకుండా చూడు.

కృప


ఆళ్లగడ్డ,
మార్చి 1979

కృపా,

ఇన్నాళ్లు రాయలేదని తిట్టుకోకు. శుభవార్త పట్టుకుని రాద్దామని ఆగాను. ఆగినందుకు చెడ్డవార్త దొరికింది. వరసగా చెప్తాను.

నీ జాబు చదివాక ఆలోచించి ముందు మా అత్తకు చెప్పాను. గొంతు పెద్దది ఆమెదే కదా. పచ్చ బండి డ్రైవరు హాస్టల్లో నాతో ఒకే కంచంలో తిన్న కృపావతి మొగుడని చెప్పగానే ఆమె చేతికర్ర అందుకుని లేచింది. తర్వాత మా ఆయన్ని పిలిచింది.

"మన పిల్ల మొగుడంట రా. అల్లునోడు మన గడప ముందర నిద్ర లేకుండా కూసోనుంటే నువ్వు రాళ్లు పాతిస్తావా?"

ఆ దెబ్బకు నరసింహులు గారు మెత్తబడ్డాడు. వాళ్లకు కావలసింది వాలే అయితే దానికి ఇంత గొడవెందుకన్నాడు. మా బావి పూడిక తీసిన మట్టి గుట్టగా పడి ఉంది. దాన్నంతా బండ్లకెత్తించి, రోడ్డు వెంబడి పొడుగ్గా పోయించి, నీళ్లు చల్లి, ఎద్దులతో తొక్కించి, ఆరు లారీలు పట్టేంత వాలు చేయించాడు. మనిషి తిండి తినకుండా దగ్గర నిలబడి చేయించాడు. కన్నెపిల్లను చూసుకున్నట్టు చూసుకున్నాడు.

ఒక్క బండి ఎక్కలేదు. ఒక్కటంటే ఒక్కటి. డ్రైవర్లంతా వచ్చి బాగుందన్నా, శానా బాగా చేయించినావన్నా అంటారు. అని, పోయి పాత చోటులోనే నిలుపుకుంటారు. మళ్లీ అదే ఇంజను, అవే చెప్పులు, అదే రేకులు. మీ ఆయన కూడా ఎక్కలేదు. మా అత్త అడిగితే తల గోక్కుని, చూస్తాలే అవ్వా అన్నాడట.

మా ఆయనకు తలకొట్టేసినట్టయింది. వాళ్ల కోసం అంత కష్టపడితే లెక్కలేదా అని ఎవరితోనూ మాట్లాడటం లేదు. నాపరాళ్లు నిన్న వచ్చి దిగాయి. ఉగాది మర్నాడు గుంటలు తవ్విస్తానని కూలీలకు చెప్పేశాడు. ఈసారి మా అత్త మాట కూడా వినేటట్టు లేడు. అసలు సంగతేమిటో మీ ఆయన్ని అడిగి వెంటనే రాయి. నాకు తోచడం లేదు.

ఉమ


నంద్యాల,
మార్చి 1979

ఉమా,

నీ జాబు అందిన రోజే జాన్ ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పకముందే అడిగాను. చెప్పడానికి సిగ్గుపడ్డాడు. అన్నం పెట్టనంటే చెప్పాడు.

మీ ఆయన వాలు చాలా బాగుందట. కాకపోతే అది నంద్యాల వైపు దిగుతుందట.

మీ ఆయన రైతు. మట్టి పోస్తున్నప్పుడు వాన నీళ్లు ఎటు పోవాలో చూసుకుని ఉంటాడు. మీ చేను ఆ వైపే కదా. నీళ్లకు అది సరైన వాలు. కానీ రాత్రి అక్కడ ఆగే లోడు బండ్లన్నీ కడప వైపు పోయేవి. తెల్లారి బండి దొర్లించాలంటే నంద్యాల వైపు దొర్లించాలి. అంటే ఆ రోజు తిరిగే మొదటి చక్రం వచ్చిన దోవకే తిరుగుతుంది. అట్లా కదిలిన ప్రయాణం సాగదని వాళ్ల నమ్మకం. ఏ డ్రైవరూ ఆ పని చేయడు. పైగా ఆ రోడ్డులో లోడు బండిని మళ్లీ తిప్పుకోవడం తేలిక కాదు.

ఈయన నిమ్మకాయలు తొక్కించడు, ప్రార్థన చేసుకుని బండెక్కుతాడు. మీరు కూడానా, ఇది బైబిల్లో ఎక్కడుంది అని అడిగాను.

"బైబిల్లో లారీలు యాడుండాయి?" అన్నాడు. అన్నం పెట్టేశాను.

ఇన్నాళ్లూ చెప్పకపోవడం కూడా మర్యాదేనట. తిండి మానుకుని వాలు చేయించిన పెద్దమనిషి ముఖం మీద, అన్నా నీ వాలు అటుది ఇటయింది అని ఎవరంటారు? ఆయన నొచ్చుకోకూడదని అందరూ బాగుందని చెప్పి తప్పుకున్నారు. ఆయన దానికే నొచ్చుకున్నాడు.

ఈ జాబు మీ ఆయనకు చదివి వినిపించు. నా పేరుతోనే వినిపించు. లారీ డ్రైవరు భార్య రాసిందని చెప్పు.

కృప


ఆళ్లగడ్డ,
ఏప్రిల్ 1979

కృపా,

ఇప్పుడు రాస్తున్నాను శుభవార్త.

నీ జాబు మా ఆయనకు, మా అత్తకు కలిపి చదివాను. వాన నీళ్ల దగ్గరికి రాగానే ఆయన ఉలిక్కిపడ్డాడు. "అవునే, నీళ్లు చూసుకున్నా గానీ బండి మూతి చూసుకోల్యా" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత ఆ మనిషి నోట్లో నుంచి వచ్చిన మొదటి మాట అది. తర్వాత మర్యాద దగ్గరికి వచ్చేసరికి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే లేచిపోయి వాలు చుట్టూ తిరిగొచ్చాడు. కానీ దాన్నంతా తవ్వి అటు తిప్పితే వానకు నీళ్లు రోడ్డు మీద నిలుస్తాయని దిగులు పడ్డాడు.

మా అత్త వక్క నములుతూ తేల్చేసింది.

"గాడిద వీపు మాదిరి చెయ్యి రా. నడుమ ఎత్తు పెట్టి రెండు పక్కల దించు. పొయ్యేటోళ్లు అట్లా పోతారు, వొచ్చేటోళ్లు ఇట్లా పోతారు. నీ నీళ్లూ పోతాయి."

అట్లాగే చేయించాడు. కంచెకు తెచ్చిన నాపరాళ్లు ఏమయ్యాయో తెలుసా? మట్టి జారకుండా మిట్టకు రెండు పక్కలా ఆనించి పాతించాడు. రాళ్లు పాతిస్తానన్న మాటా నిలబెట్టుకున్నట్టయింది.

ఇప్పుడు పొద్దుగూకితే మా అత్త అరుగు మీద కూచుంటుంది. ముందుగా పోవాల్సినవాడు కింది చోటులో, ఆలస్యంగా పోయేవాడు వెనక. ఎవరు ఎక్కడ నిలపాలో ఆమె కర్రతో చూపిస్తుంది. ఎదురు చెప్పినవాడికి ఆ రాత్రి వాలు లేదు. చెప్పులు పారేసిన డ్రైవరే ఇప్పుడు ఆమెకు వక్కలు తెచ్చిస్తున్నాడు. డ్రైవర్లు ఈ చోటుకు అవ్వ మిట్ట అని పేరు పెట్టారు. ఆమె కోపం నటిస్తుంది గానీ పోయేవాళ్లను ఆపి ఆ పేరు చెప్పించుకుంటోంది.

నాకు మాత్రం కొత్త తంటా వచ్చింది. ఇంజన్లు ఆగాక తెలిసింది మా అత్త గురక ఎంతదో. దానికి ఏ వాలు కట్టించాలో నువ్వే చెప్పు.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. మొన్న మీ ఆయన వచ్చాడు. మా అత్త అతనికని ఆపిపెట్టిన చోటులో, కడప వైపు మూతి పెట్టి బండి నిలిపి, ఇంజను ఆపాడు. తెల్లారింది. అన్ని బండ్లూ పోయాయి. ఎండ వచ్చింది, హోటల్లో పొంగనాలు కూడా అయిపోయాయి, పచ్చ బండి మాత్రం కదలదు. మా అత్తకు గాభరా పుట్టింది. పోయి కర్రతో తలుపు మీద బాదింది.

"అప్పా జాన్, పొద్దు నెత్తిమిందికొచ్చింది. ఉండావా?"

లోపల లేచి కూచున్నాడు. ఎక్కడున్నాడో కాసేపు తెలియలేదట. ముఖం మీద ఆ చిలక గుడ్డ కప్పుకుని ఉన్నాడు. నిద్రపోయాడు కృపా. పసిపిల్లవాడు నిద్రపోయినట్టు నిద్రపోయాడు. సిగ్గుపడి దిగబోతే మా అత్త దిగనీయలేదు. నేను కాఫీ పంపితే తాగి, బ్రేకు వదిలాడు. బండి దొర్లుకుంటూ పోయి మోరీ దాటేలోపలే ఇంజను అందుకుంది. మా ఇంట్లో అందరం బయటికొచ్చి చూశాం.

నీకు ఇది రాయాలని చెయ్యి ఉబలాటపడింది.

ఉమ


నంద్యాల,
మే 1979

ఉమా,

జాన్ ఈ సాయంత్రం ఇంటి నుంచి బయలుదేరాడు. కళ్లలో ఎరుపు తగ్గింది. మద్రాసు నుంచి వచ్చినప్పుడు మీ అత్తగారు పచ్చిమిరపకాయలు, రెండు మందలింపు మాటలు ఇచ్చి పంపారట. మాటలు కూడా మూట కట్టినట్టే తెచ్చి చెప్పాడు.

మీ అత్తగారికి ఒక చేతిగుడ్డ కుట్టాను, రేపు బస్సులో పంపిస్తాను. చిలకే కుట్టాను. ఈసారి ముక్కు సరిగ్గా పెట్టబోయి, వద్దనిపించి పాత మాదిరిగానే కుట్టాను. లేకపోతే నాదని నువ్వెట్లా గుర్తుపడతావు. జీవరత్నం టీచరుకు చెప్పొద్దు.

ఆయన దోవ మీద ఉన్న రాత్రుళ్లు నేనేం చేసేదాన్నో నీకు రాయలేదు. మా ఇంటి ముందు ఏ లారీ లేదు, ఏ ఇంజనూ లేదు. అయినా పిల్లల పలకలు కడుగుతూ, చీరలకు కుచ్చులు వేస్తూ, చదివిన కీర్తనే మళ్లీ చదువుతూ కూచునేదాన్ని. పడుకుంటే చాగలమర్రి జొన్నచేను కనిపించేది. నువ్వు దూలాలు చూస్తున్నానని రాసినప్పుడు నేనూ ఇక్కడ అదే పని చేస్తున్నాను.

ఇవాళ ఆయన మీ మిట్ట మీద ఉన్నాడు. ఇంజను ఆపి ఉంటాడు. మీ అత్తగారు అరుగు మీద ఉంటారు. ఇంకా ఏమేమో రాద్దామని పెద్ద కాగితం తీసుకున్నాను గానీ అక్షరాలు అల్లుకుపోతున్నాయి. నాకు నిద్ర వస్తోంది ఉమా.

కృప